హనుమయ్య ఉంగరం ముందే ఎందుకు ఇవ్వలేదు?

 

ఈ వారం వీడియోలో సుందరకాండ చెప్పుకున్నాం కదా. అందులో చెప్పలేకపోయిన నా సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నా.

2021లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండేవాణ్ణి. కరోనా రెండో వేవ్. నేనూ, మా రూమ్మేటూ గదిలోనే కూర్చుని పని చేసుకునేవాళ్లం. వాడిది హోస్పేట. ఆ శ్రీరామనవమి రోజు టీటీడీ, తిరుమలలోని అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని ప్రకటించింది. వాడు వెంటనే, "మరి మా ఆనెగుంది దగ్గర అంజనాద్రి? చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కా" అన్నాడు.

నేను ఆ అవ్వ మాట వినలేదు. పురాణాలు, శాసనాలు అంటూ స్క్రీన్‌షాట్లు పంపా. వాడు కిష్కింధ అంటూ తిరిగి పంపాడు. రాత్రికి మాటల్లేవు. నాలుగో రోజు వాడికి జ్వరం. పక్క మంచం మీదున్న నన్ను కాదని, కింద వాచ్‌మన్‌ని అడిగి మాత్రలు తెప్పించుకున్నాడు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాతి నెల, మే 27న, తిరుపతిలో ఇదే విషయం మీద గోవిందానంద సరస్వతికీ టీటీడీ పండితులకూ చర్చ జరిగింది. ఎవరి మాట మీద వాళ్లే నిలబడ్డారు.

ఇప్పుడు అశోకవనానికి రండి. హనుమయ్య దగ్గర రాముడి ఉంగరం ఉంది. అంతకన్నా ఆధారం ఏముంటుంది? అయినా చెట్టు మీదే కూర్చుని ఆలోచించాడు. సంస్కృతంలో మాట్లాడితే సీతమ్మ తనను రావణుడే అనుకుని భయపడుతుందేమో అని, ఆమెకు అలవాటైన మామూలు మనుషుల మాటలో మొదలుపెట్టాడు. ముందు దశరథుడి ఇంటి కథ చెప్పాడు. అయినా అమ్మ అనుమానించింది. రాముడి గుర్తులు చెప్పమంది, నరులకూ వానరులకూ స్నేహం ఎలా కుదిరిందని అడిగింది. స్వామి విసుక్కోలేదు. అన్నిటికీ జవాబు చెప్పి, అప్పుడు ఉంగరం ఇచ్చాడు.

నేనో? మొదటి నిమిషంలోనే ఉంగరం విసిరా.

ఆధారాలు అక్కర్లేదని కాదు. ఉంగరం చూశాకే సీతమ్మకు నమ్మకం గట్టిపడింది. కానీ ఎదుటివాడు మన మీద అనుమానంతో ఉన్నప్పుడు నిజం కూడా మాయలాగే కనబడుతుంది. నేను శాసనం గురించి మాట్లాడుతున్నా అనుకున్నా. వాడికి మాత్రం వాళ్ల అవ్వ అబద్ధం చెప్పిందన్నట్టు వినబడింది.

ఆ సాయంత్రం ఇడ్లీ, వేడినీళ్లు తెచ్చిపెట్టి, "కొండెక్కేటప్పుడు మీ అవ్వ ఏం కథలు చెప్పేదిరా?" అని అడిగా. గంటసేపు చెప్పాడు. వారం తర్వాత వాడే, "ఆ శాసనాల సంగతేంట్రా?" అన్నాడు.

ఇప్పుడు నేను ఎల్బీనగర్‌లో ఉంటున్నా. వీలైన మంగళవారం ఇద్దరం కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయ స్వామి గుడికి వెళ్తాం. జన్మస్థలం మీద ఇంకా ఒప్పందం కుదరలేదు. ప్రదక్షిణలు మాత్రం కలిసే చేస్తాం.

ఈసారి ఆచారం మీదో చరిత్ర మీదో మాట పెరిగితే, ఫోన్ తీసే ముందు ఒక్కటి అడగండి: "మీ ఇంట్లో దీన్ని ఎలా చెప్పుకుంటారు?"

జై హనుమాన్.