సుత్తి దెబ్బ వెనుక



మధ్య అమెరికాలోని కోస్తారికా రాజధాని సాన్ హోసేలో బెయావిస్తా అనే పాత సైనిక బ్యారక్స్ ఉన్నది. 1948 డిసెంబరు 1న ఆ దేశ పాలకుడు హోసే ఫిగేరెస్ అక్కడ నిలబడి, సుత్తితో గోడను కొట్టి, సైన్యాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. సిపాయిలు నిద్రించిన ఆ కట్టడం నేడు జాతీయ మ్యూజియం. 1949 నాటి రాజ్యాంగం, 12వ అధికరణంలో, శాశ్వత సైన్యాన్ని నిషేధించింది.

వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని ఫిగేరెస్ సాధువేమీ కాదు. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల అంతర్యుద్ధంలో తుపాకి పట్టి గెలిచి గద్దెనెక్కినవాడు. రేపు తనపైకే తిరగగల సైన్యాన్ని తొలగించుకోవడం ఆయనకు లాభమే. మరి స్వార్థం కలిసినంత మాత్రాన మంచిపని చెడ్డదవుతుందా?

ఉద్దేశం చెడితే చేసినవాని పుణ్యం పోతుందని సెమినరీలో మాకు నేర్పారు. నిజమే, కాని అది చేసినవాని లెక్క. ఆ పనివల్ల మేలు పొందినవారి లెక్క వేరు. (పాపసంకీర్తనాలు విని విని ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.) వకీలు ఫీజులు కట్టలేక పొలం కేసు వాపసు తీసుకున్న అన్నను, 'మనసు మారి కాదులే' అని తమ్ముడు గడప తొక్కనివ్వకపోతే మీరేమంటారు?

ఫిగేరెస్ 1949 నవంబరులో, ఎన్నికైన ఒతీలియో ఉలాతేకు అధికారం అప్పగించి గద్దె దిగారు. నా మట్టుకు ఆ సుత్తి దెబ్బకంటె ఇదే పెద్దది.

ఆ మ్యూజియం గోడలపై 1948 నాటి తూటాల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. సిమెంటు పూసి కప్పలేదు.