టెంపరవరీ

చిన్నాయన పికప్ బండిలో కూలెంట్ ట్యాంకు పగిలింది రెండేళ్ళ కిందట. మదనపల్లె నుంచి టమోటా లోడుతో బెంగళూరు వస్తున్నాం. పండక్కి ఊరెళ్ళిన నాకు తిరుగు బస్సులో సీటు దొరక్క ఆయన పక్కన కూర్చున్నాను. చింతామణి దగ్గర పడుతుండగా ముందు ఒక తియ్యటి వాసన వచ్చింది. తర్వాత టెంపరేచర్ ముల్లు లేచింది. బానెట్ ఎత్తితే, పసుపుబారిన ప్లాస్టిక్ డబ్బాకి మెడ కింద వెంట్రుకంత చీలిక. అందులోంచి పచ్చటి ద్రవం బుసబుసమంటూ కారుతోంది.

"మూత ముట్టుకోవాకు, మొగం కాలిపోతాది" అన్నాడు చిన్నాయన. చల్లారేదాకా ఆగాం.

చూడ్డానికి అదొక మామూలు డబ్బా. కొన్ని బళ్ళలో నిజంగా అంతే. రేడియేటర్ లోంచి పొంగినదాన్ని పట్టే గిన్నె, పగిలినా కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. ఈ బండిలో అలా కాదు, ఒత్తిడిని పట్టి ఉంచేది ఆ ట్యాంకు మూతే. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. ఒక బార్ ఒత్తిడి అదనంగా ఉంటే 120 దాకా మరగవు. చీలిక పడితే ఆ ఒత్తిడి నిలవదు. కూలెంట్ తొందరగా మరిగి, కారి, తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే హెడ్ గాస్కెట్ పోతుంది, ఆ తర్వాత ఇంజనే పోవచ్చు. రోజూ కాగుతూ చల్లారుతూ ఉంటే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అది ఎవరి తప్పూ కాదు, దాని వయసు.

చిన్నాయన డాష్‌బోర్డులోంచి జిగురు ముద్ద తీస్తే చింతామణి మెకానిక్ నవ్వాడు. "ఈ ప్లాస్టిక్కుకి జిగురు నిలబడదు. అదే జాతి ప్లాస్టిక్ కరిగించి పొయ్యాల." పాత సామాన్ల కుప్పలోంచి ఇంకో పగిలిన ట్యాంకు తీసి, ఒక పీలిక కోసి, సోల్డరింగ్ ఐరన్‌తో చీలిక మీద కరిగించి పూశాడు. కూలెంట్ పోసి, బండి స్టార్ట్ చేసి, కాసేపు చూశాడు. "ఇది టెంపరవరీ. ఊరికి పోయినాక కొత్తది వేసుకోండి" అన్నాడు.

అతను చేసిన పనిలో నాకు ఇప్పటికీ తప్పు కనపడదు. అతుకు వేశాడు, అది అతుకని చెప్పాడు.

చిన్నాయన కొత్తది వేయించలేదు. అతుకు ఎనిమిది నెలలు నిలబడింది. చెల్లి కాలేజీ ఫీజు కోసం బండి అమ్మేటప్పుడు కూడా అది అక్కడే ఉంది. కొనడానికొచ్చింది పుంగనూరు వైపు కుర్రాడు. అమ్మ బంగారం కుదవపెట్టి కొంటున్న మొదటి బండి. టైర్లు చూశాడు, బానెట్ ఎత్తి అర్థం కాని చూపొకటి చూశాడు. చివర్లో, చదువుకున్నవాణ్ణనేమో, నావైపు తిరిగి అన్నాడు: "నాకు ఇంజన్ల సంగతి తెలీదన్నా. బండిలో ఏమన్నా ఉంటే మీరే చెప్తారు గదా."

చిన్నాయన మీసం సవరించుకున్నాడు. నేను ఫోన్ చూసుకున్నాను.

ఆ రాత్రి అడిగితే చిన్నాయన అన్నాడు: "నేను కొన్నప్పుడు నాకెవురు చెప్పినారురా?" దానికి నా దగ్గర జవాబు లేదు. మోసపోయినవాడు తర్వాతివాడికి చెప్పాలంటే, నష్టం తన దగ్గరే ఆపుకోవాలి. ఆ ఖర్చు ఎప్పుడూ లేనివాడి మీదే పడుతుంది.

ఈ మౌనం గురించి చట్టం ఏమంటుందో తర్వాత వెతికాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 17వ సెక్షన్. అందులో బండి బదులు గుర్రం ఉంది. గుర్రానికి లోపం ఉందని తెలిసీ ఒకడు వేలంలో అమ్ముతాడు, ఏమీ చెప్పడు. అది మోసం కాదంటుంది చట్టం. అదే కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే చెప్పి తీరాలి. ఇంకో ఉదాహరణ చదివి ఆగిపోయాను. 'నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను' అని కొనేవాడంటే, అమ్మేవాడు ఊరుకుంటే, ఆ ఊరుకోవడం మాట్లాడినట్టే. పుంగనూరు కుర్రాడు అన్నది ఇంచుమించు ఆ మాటే.

క్రీ.పూ. 44లో సిసెరో కూడా దీనితో కుస్తీ పట్టాడు. కరువులో ఉన్న రోడ్స్ దీవికి ఒక వర్తకుడు ధాన్యం తెస్తాడు. వెనకాల ఇంకా ఓడలొస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా? చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అన్నాడట బాబిలోన్ డయోజెనిస్. కాదు, చెప్పాల్సిందే అన్నాడట ఆయన శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో శిష్యుడి పక్షమే తీసుకున్నాడు.

గురువు మాటలోనూ కొంత న్యాయం ఉందనిపిస్తుంది నాకు. సీటు చిరిగిందని చెప్పక్కర్లేదు, కనపడుతూనే ఉంది. ఇంకో ఊళ్ళో ఇదే బండి చవగ్గా దొరుకుతుందని కూడా బహుశా చెప్పక్కర్లేదు. కానీ అతుకు సంగతి నాకు మాత్రమే తెలిసి, అది ఊడితే ఘాట్ రోడ్డు మీద నిలబడేది అతనైనప్పుడు, చెప్పకపోవడానికీ దాచడానికీ తేడా ఎక్కడుంది? ఊరుకున్నంతసేపూ నేను ఒక ప్రమాదాన్ని నా చేతిలోంచి అతని చేతిలో పెడుతున్నాను, అదేమిటో చెప్పకుండా.

నాలుగో రోజు ఫోన్ చేసి చెప్పాను. అతనికి అప్పటికే తెలుసు.

"ట్యాంకుదేముందన్నా, వెయ్యి లోపే. మార్పించినా. కానీ ఆ అతుకు చూసినాక ఇంకేం దాచినారో అని బయమేసింది. మెకానిక్కుతో బండంతా ఇప్పించినా. ఆరు వేలయింది."

"ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు. బండి బాగుంది."

ఒక్క చోట పగిలిన డబ్బా. మేం చెప్పకపోవడంతో అతనికి బండంతా పగిలినట్టే కనపడింది. సగం ఖర్చు పంపుతానన్నాను. వద్దన్నాడు.

"ఆ పొద్దే ఒక మాట చెప్పింటే సరిపోతా ఉణ్ణిందన్నా" అన్నాడు.