నేర్చుకొనువాని కొలబద్ద



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో సైకిలు కొత్త వస్తువు కాదు. పాలక్యాను తగిలించుకొని పోవువాడును, కూలిపనికి పోవువాడును, బడికి పోవు పిల్లవాడును దానిని చిరకాలముగా ఎరుగుదురు. ఇటీవలి కాలమున మరియొక విధమైన వారును బయలుదేరిరి. ఆరోగ్యము కొరకో, పెట్రోలు ఖర్చు తగ్గించుకొనుటకో, గేర్ల సైకిలు కొని తెల్లవారుజామున రోడ్డెక్కుదురు. కొందరు కచ్చేరికిని, దుకాణమునకును దానిమీదనే పోవుదురు. కుప్పములో బెంగళూరు వైపు రైలు నందుకొనవలసిన వానికి స్టేషను వరకు సైకిలే చాలును. వీరందరిని మొదటి నెలలలో వేధించు ప్రశ్న ఒక్కటే: నేను ముందుకు వచ్చుచున్నానా, లేదా? దీనిని దేనితో కొలుచుకొనవలెను?

ఇది చిన్న ప్రశ్నగా కనబడును. అయితే దీనినే మన ప్రార్థన విషయమునను, పిల్లల చదువు విషయమునను, సంఘము విషయమునను అడిగి చూడుడు. ఒక్కచోట తప్పుడు కొలబద్ద పట్టుకొన్నవాడు అన్నిచోట్లను దానినే పట్టుకొనును. కాబట్టి సైకిలుమీదనే ఈ సంగతి తేల్చుకొనుట సులభము.

మనచేతికి ముందుగా దొరకు కొలబద్ద ప్రక్కవాడు. మోటారు సైకిలు వాడు దుమ్ము రేపి దాటిపోవును. సన్నని చక్రముల సైకిలుపై ఒక యువకుడు గాలివలె పోవును. మనవాడు తల వంచుకొనును. సైకిలు బీదరికమునకు గుర్తు అని తలంచు వారి చూపులు వేరుగా బాధించును. కాని ఈ పోలిక న్యాయమైనదేనా? మన పాత నల్ల సైకిలుకు సాధారణముగా ముందు చక్రపు పళ్లు 44, వెనుక పళ్లు 18. ఒక్కసారి పెడలు చుట్టు తిరిగిన యెడల బండి సుమారు అయిదున్నర మీటర్లు పోవలసినదే. ఎత్తు వచ్చినను అంతే, పల్లము వచ్చినను అంతే. గేర్లు ఉన్నవాడు ఎత్తులో ఆ కొలతను సగమునకు తగ్గించుకొనగలడు. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. హార్స్లీ కొండ 1,265 మీటర్లు. అనగా కొండ ఎక్కువాడు అయిదు వందల మీటర్లకు పైగా తన దేహమును, బండిని మోయవలెను. ఎనిమిది కిలోల బండితో ఎక్కువానిని, ఇరువది కిలోల బండిమీద వెనుక బియ్యపు మూట కట్టుకొని ఎక్కువానిని ఒకే గడియారముతో కొలుచుట తక్కెడ రెండు పళ్లెములలో వేరు వేరు రాళ్లు వేయుటవంటిది. ఈ కొలబద్ద గెలిచినవానికి గర్వమును, ఓడినవానికి నిరాశను ఇచ్చును. ఇద్దరిలో ఎవనికిని నిజము చెప్పదు.

రెండవ కొలబద్ద మన నిన్నటి దినము. ఇది మొదటిదానికంటె మేలు. మొదటి వారములలో అభ్యాసికి ఎంతో సంతోషము కలుగును. గుండె, ఊపిరి, తొడలు పనికి అలవాటు పడును, భయము తగ్గును, నిన్న దిగి నడిపించిన ఎత్తును నేడు కూర్చుండియే దాటును. అయితే కొంతకాలమైన పిమ్మట ఈ పెరుగుదల నెమ్మదించును. దానికి కారణము సోమరితనము కాదు. గాలి అడ్డు వేగముతోకూడ ఊరకనే పెరుగదు. వేగము రెట్టింపైనచో ఆ గాలిని చీల్చుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. మొదటి మెట్లు చవుకగా దొరకును, పైమెట్లకు వెల ఎక్కువ. ఇది తెలియనివాడు తనను తాను నిందించుకొని దినదినము మితిమీరి తొక్కి, మోకాలి నొప్పి తెచ్చుకొని, బండిని గోడకు ఆనించివేయును.

దేహము శ్రమలో అలసి విశ్రాంతిలో బలపడును. ఈ పాఠము మన మదనపల్లెకు కొత్తది కాదు. పట్టణము చెంత ఆరోగ్యవరములో పలు మిషనులు కలిసి క్షయరోగుల కొరకు వైద్యశాల స్థాపించిన దినములలో ఆ రోగమునకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. ఆ కాలపు క్షయ వైద్యశాలలలో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, తరువాత కొలిచి కొలిచి పెంచిన నడక, ఇవియే వైద్యము. నేడు ఇంత, వచ్చే వారము మరికొంచెము. తొందరపడినవాడు వెనుకకు పడెడివాడు. సైకిలు అభ్యాసికిని ఇదియే మంచి వైద్యము: వారమునకు కొంచెముగా దూరము పెంచుట, నడుమ ఒకటి రెండు దినములు ఊరకుండుట.

అయినను నిన్నటి దినము కూడ పూర్తి కొలబద్ద కాజాలదు. నేడు ఎదురు గాలి వీచవచ్చును. జ్వరము వచ్చి తగ్గియుండవచ్చును. అరువది ఏండ్లు దాటినవాడు ఎంత శ్రద్ధగా తొక్కినను పది ఏండ్ల క్రిందటి తనను దాటలేడు. అంతమాత్రమున అతని జీవితము వెనుకకు పోవుచున్నదని చెప్పగలమా? వేగమే కొలత అయినచో ముసలితనము అంతయు ఓటమియే. అట్టి కొలతను మనలో ఎవరును తమ తండ్రికిని తల్లికిని అన్వయింపరు.

కాబట్టి మూడవ కొలబద్ద కావలెను. దానిని కనుగొనుటకు కొత్తగా నేర్చువానిని చూడుడు. చేతులు హ్యాండిలును గట్టిగా పట్టి తెల్లబారును. కన్నులు ముందు చక్రముమీదనే యుండును. గుంట కనబడినచో దానినే చూచి దానిలోనికే పోవును. ఎటు ఒరుగుచున్నదో ఆ వైపునకే హ్యాండిలు త్రిప్పవలెనని అతని మనస్సు ఇంకను ఒప్పుకొనదు. వెనుక ఎవరు వచ్చుచున్నారో తెలియదు, ముందర కోడిపిల్ల దాటుచున్నదో శిశువు దాటుచున్నదో తెలియదు. అతని బలమంతయు పడకుండుటకే సరిపోవును. ఇది తప్పు కాదు. ప్రతి అభ్యాసి స్థితి ఇదే.

కొన్ని నెలలు గడచును. ఇప్పుడు తూకము దానంతట అదియే నిలుచును. చూపు దూరమునకు పోవును. టమోటా కాలమున మదనపల్లె మార్కెట్టుకు వచ్చు లారీ వెనుక నుండి మ్రోగించిన హారను అతడు ముందుగానే విని ప్రక్కకు జరుగును. మలుపునకు ముందు చేయి చాపి తెలుపును. బడి వదలిన వేళ పిల్లలను చూచి బ్రేకు పట్టును. ఎదుటి ముసలమ్మ రోడ్డు దాటువరకు ఒక కాలు నేలనాన్చి నిలుచును. గడియారము చూచినచో అతడు నిన్నటికంటె రెండు నిమిషములు ఆలస్యము. అయినను ఇతడే ముందుకు వచ్చినవాడు! తన్ను తాను నిలుపుకొనుటకు వ్యయమైన మనస్సు ఇప్పుడు మిగిలి ఇతరులకు దక్కినది. అభివృద్ధి అనగా ఇదియే: మనలో ఇతరుల కొరకు ఎంత చోటు ఖాళీ అయినదో దాని లెక్క.

పరిశుద్ధ గ్రంథములో ఇద్దరు ప్రయాణికులను ఇక్కడ తలంచుకొనవచ్చును. 2 సమూయేలు 18వ అధ్యాయములో అహిమయస్సు తనకంటె ముందు బయలుదేరిన కూషీయుని దాటి పరుగెత్తి రాజునొద్దకు మొదట చేరెను. కాని రాజు తన కుమారుని గూర్చి అడిగినప్పుడు చెప్పుటకు అతనియొద్ద సరియైన మాట లేకపోయెను. ప్రక్కకు తొలగి నిలువవలసి వచ్చెను. ఆదికాండము 33వ అధ్యాయములో యాకోబు, తనతో కలిసి నడువుమని ఏశావు పిలిచినప్పుడు, లేత పిల్లలును పాలిచ్చు పశువులును తనతో నున్నందున వాటి నడకకు తగినట్లు మెల్లగా వత్తునని చెప్పెను. ఒకనికి వేగమున్నది, వార్త లేదు. మరియొకనికి వేగము లేదు, వెంట నున్నవారందరు క్షేమముగానున్నారు. ఏ ప్రయాణము ముందుకు సాగినదో చదువరులే తీర్పు చెప్పుదురు గాక.

ఇక్కడ ఒకరు అభ్యంతరము చెప్పవచ్చును: “ఇది సోమరులకు ముసుగు కాదా? మెల్లగా పోవుటే పుణ్యమైతే ఎవడు కష్టపడును?” ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు ఇది: బ్రేకు పట్టుట నేర్వనివాడు ఎంత దయగలవాడైనను పిల్లవాని ముందు ఆగలేడు. ఊపిరి చాలనివాడు జబ్బుపడిన పొరుగువానికి మందు తెచ్చుటకు పరుగున పోలేడు. కనుక అభ్యాసము మన ఇష్టము మాత్రమే కాదు, పొరుగువానికి మనము బాకీయున్న ఋణము. టైర్లలో గాలి చూచుకొనుట, పెడలు అడుగున నున్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగునట్లు సీటు ఎత్తు సరిచేసికొనుట, చీకటిలో దీపమును, వెనుక ఎఱ్ఱని మెరుపు బిళ్లయు ఉంచుకొనుట, ఇవన్నియు ఆ ఋణము తీర్చుటలో భాగములే. బలము సంపాదింపుడు, అయితే అది ఎవరి కొరకో మరువకుడు.

ఈ లెక్క ఎంత దూరము పోవునో మన పొరుగు తమిళనాడు చూపినది. 1991–92 సంవత్సరములలో పుదుక్కోట్టై జిల్లా అక్షరాస్యతా ఉద్యమములో వేలకొలది గ్రామ స్త్రీలు సైకిలు నేర్చిరి. ఆనాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి తోడ్పడెను. మొదట ఎగతాళి లేకపోలేదు. అయినను నేర్చినవారు మరియొకరికి నేర్పిరి. నీరు తెచ్చుటకును, సరకు అమ్ముటకును, పిల్లలను తీసికొనిపోవుటకును ఇతరుల కొరకు కాచుకొనుట తగ్గెను. బీహారులో 2006లో బాలికలకు సైకిళ్లిచ్చు పథకము మొదలైన పిమ్మట ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి సుమారు ముప్పది వంతులు పెరిగెనని పరిశీలించినవారు వ్రాసిరి. వీరిలో ఎవరు ఎంత వేగముగా తొక్కిరో ఎవరును వ్రాసిపెట్టలేదు.

మన గ్రామములలో నేడును బడి దూరమైనందున చదువు మానవలసివచ్చు బాలికలున్నారు. నవ్వుదురని జంకి సైకిలు ముట్టని తల్లులున్నారు. నేర్చుకొనువానికి వెనుక సీటు పట్టి పరుగెత్తువాడు ఒకడు కావలెను. తగిన సమయమున చేయి విడుచుటయు అతడు ఎరిగియుండవలెను. నీవు ఇప్పుడు పడకుండ తొక్కుచున్నావా? అట్లయినచో నీ చేతులకు తీరిక కలిగినది. ఈ నెలలో ఆ చేతులు ఎవరి సీటు పట్టుకొనవలెనో ఆలోచించి, ఆ ఇంటికి వెళ్లుడి.