రంగం వెళ్ళినవాళ్ళ లెక్క

ఆమదాలవలస, కొత్తవలస. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళ పేర్లలోనే వలస ఉంది. అయినా 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని అమెరికా ప్రకటించగానే, ఇలాంటిది లోకంలో మొదటిసారి జరిగినట్టు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. నేనూ ఓ పొడుగాటి మెసేజ్ పెట్టాను: మనం పన్నులు కడతాం, కంపెనీలు పెడతాం, మనల్ని ఆపితే నష్టం వాళ్ళకే అని.

పెట్టాక ఇబ్బందిగా అనిపించింది. "మావల్ల మీకు లాభం" అన్న వాదన రంగం వెళ్ళినవాళ్ళని కాపాడలేదు కదా.

రంగం అంటే రంగూన్. విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి వెళ్ళేవారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. అది తీరేదాకా కూలీ వాడి గుప్పిట్లోనే. రేవులో బరువులు మోయడం, రిక్షాలు లాగడం, బియ్యం మిల్లుల్లో పని. 1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తేలగానే పాతవాళ్ళని రమ్మని, వీళ్ళని పొమ్మన్నారు. అక్కడ రాజుకున్న కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే.

బర్మా కూలీ కోపం ఉత్తిది కాదు. కానీ అది ఓడల కంపెనీ మీదికి వెళ్ళలేదు, పక్కనున్న కూలీ మీదికి వెళ్ళింది. చవగ్గా సరుకు ఎక్కించుకున్నది మూడోవాడు. "దేశానికి నికర లాభం" అని లెక్క కట్టినప్పుడు ఆ నికరంలో ఈ ఇద్దరూ కనపడరు. 1941లో పర్మిట్లు, ఫీజులతో ఇండియా-బర్మా వలసల ఒప్పందం కుదిరింది. సంస్కరణే! కాయితం ఆరకముందే యుద్ధం వచ్చింది. 1942లో లక్షలమంది పారిపోయి వచ్చారు, చాలామంది అడవుల్లో నడిచి.

మరి ఎవరూ తలుపు వేసుకోకూడదంటానా? అనలేను. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనికి బయటి రాష్ట్రాలవాళ్ళని తెస్తున్నారని మా చిన్నాన్న గొణుగుతుంటాడు. నికర లాభం సంగతి ఎత్తబోతే, "లాభం సరేరా, మన కుర్రోళ్ళకి పనేదీ?" అన్నాడు. బయటివాళ్ళ మీద కోపమెందుకు చిన్నాన్నా, వాళ్ళకీ మనవాళ్ళకీ ఒకే కూలి ఇమ్మని అడగొచ్చుగా అన్నాను. ఆలోచించాడు. "అడిగితే ఇద్దర్నీ తీసేస్తారు" అన్నాడు.

నా హెచ్‌-1బి స్నేహితుల సంగతీ అంతే. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి. జీతం పెంచమని ఏ గొంతుతో అడుగుతారు? లక్ష డాలర్ల ఫీజు ఆ ముడిని విప్పదు. నా మెసేజ్‌లోనూ దాని ఊసు లేదు.