తీరమున పడియున్నది ఎవరిది?

సముద్రపు చేపలను ఇంట గాజుతొట్టిలో పెంచు వేడుక పట్టణములలో కొన్ని కుటుంబములకు అలవడినది. తొట్టి అడుగున పరచుటకు ఇసుకయు, అందమునకు గవ్వలును కావలెను. విశాఖకో భీమునిపట్నమునకో విహారమునకు పోయినవారు ఒక సంచి నింపుకొని వత్తురు. అడిగినచో, "అది ఎవరి సొమ్మును కాదు, అందు ప్రాణమును లేదు" అందురు. బసవేశ్వరుడు బోధించిన శీలములలో దొంగిలరాదనునది మొట్టమొదటిది. కనుక ఈ సమాధానమును కొంత పరీక్షింపవలసియున్నది.

ప్రాణము లేదను మాటను ముందు చూతము. గవ్వను కట్టుకొన్న జీవి చనిపోవును గాని గవ్వకు పని ముగియదు. ఒక జాతి పీతకు పొట్టపై గట్టి పెంకుండదు. అది ఖాళీ శంఖములోనికి వెనుకనుండి జొరబడి, ఆ యింటిని మోయుచు బ్రదుకును. ఒడలు పెరిగినకొలది ఇంకను పెద్ద శంఖమును వెదకుకొనవలెను. దొరకనిచో ఇరుకింటనే పడియుండును, లేదా శత్రువుల నోట పడును. మనము ఏరునవి ఎట్టివి? పగులనివి, నిండైనవి. పీతకు కావలసినవియు అవియే! విరిగిన ముక్కలను మనమెవ్వరమును ముట్టము.

ఖాళీయని తలచి తెచ్చినదానిలో జీవి ముడుచుకొని యుండుటయు కద్దు. అది తొట్టిలో చచ్చి నీటిని కుళ్ళజేయును. కోను ఆకారపు నత్తలలో కొన్నింటి విషపు ముల్లు మనుష్యునే చంపగలదు.

ఇక ఎవరిదియు కాదను మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001లో పగడములును, కొన్ని శంఖజాతులును చేరినవి. చట్టము చెప్పని వస్తువు సంగతి యేమి? ఎవరిదియు కానిదనగా అందరిదనియే గదా అర్థము. విశాఖలో రేవు కట్టడములు ఇసుక నడకకు అడ్డుపడుటచే తీరము కోతకు గురియైనది. రేవువారు తవ్విన ఇసుకను ఏండ్ల తరబడి అచటికి చేర్చవలసివచ్చినది. ఒక సంచి ఇసుకతో తీరము కరగిపోవునని నేననను. అయినను వచ్చినవారందరును ఒక్కొక్క సంచి మోసికొనిపోయినచో ఏమగునో ఆలోచింపవలెను. ఇందొక హాస్యము గూడ ఉన్నది. పగడపు తొట్టెలకు కోరునది సున్నపు పదార్థముగల తెల్లని ఇసుక. భీమిలి ప్రాంతపు ఇసుకలోనో ఇనుము కలిసిన నల్లని రేణువులుండును. మోసిన శ్రమయు దండుగయే.

అంగడిలో కొన్నచో దోషము తొలగునా? తొలగదు. పొట్లములలో వచ్చు సున్నపు ఇసుక తరచుగా వేరొక దేశపు సముద్రమునుండి తవ్వినదే. మెరుపు చెడని గవ్వ చాలవరకు జీవి బ్రదికియుండగా పట్టి చంపినదే. చేతికి మట్టి అంటకుండుట వేరు, చేయి శుద్ధముగా నుండుట వేరు. ఆ మాటకు వచ్చినచో, తీరమున నాలుగు గవ్వలు ఏరిన పిల్లవానికంటె కొన్నవాని భారమే హెచ్చని నా అభిప్రాయము.

నాలుగు గవ్వలను నేను కాదనను. మన ఇండ్లలో అష్టాచెమ్మా ఆట తరతరములుగా ఆ నాలుగింటితోనే సాగినది. పిల్లవాడు గుప్పెడు ఏరినచో ఏరనిండు. ప్రతిదానిని తిరగవేసి నోరు చూడుమని చెప్పుడు. తడి ఇసుకపై ఉంచి కొంతసేపు కనిపెట్టుకొని కూర్చుండుడు. అందేదియైన నడచిపోయినచో, పోనిండు.