బిడ్డ ప్రాణము – యంత్రము – దేవుని చేయి

ధ్యాన భాగము: 2 సమూయేలు 12:15–23



బిడ్డ జబ్బుపడినప్పుడు దావీదు నేలపై పడి ఉపవాసముండి దేవుని బతిమాలెను. పెద్దలు లేవనెత్తబోయినను లేవలేదు. ఏడవ దినమున బిడ్డ చనిపోగా లేచి, స్నానము చేసి, దేవుని మందిరములో మ్రొక్కి, పిమ్మట భోజనము చేసెను. ప్రాణమున్నంతకాలము పట్టుదలతో అడుగుటయు, దేవుడు తీసికొనినప్పుడు అప్పగించుటయు ఒకే విశ్వాసము.

నేడు ఈ రెంటి నడుమ యంత్రము నిలిచియున్నది. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలనుండి కర్నూలు పెద్దాసుపత్రికి బిడ్డను మోసికొనిపోయిన తల్లిదండ్రులకు, వెంటిలేటర్ తీయించిన మేము హంతకులమగుదుమా అను ప్రశ్న గుండెను కోయును.

చంపుట వేరు, గుణపరచజాలక చావును సాగదీయు యంత్రమును మానుట వేరు. సూదిమందుతో ప్రాణము తీయుట నేటికిని నేరమే. అయితే కోలుకొను ఆశ లేని రోగికి యంత్రమును తొలగించుటకు 2018 మార్చి 9న సుప్రీంకోర్టు నియమములతో అనుమతించెను. 2023లో వాటిని సులభపరచెను. రెండు వైద్య బోర్డులు విచారించి ఒప్పుకొనవలెను.

కాబట్టి డాక్టరును ఇట్లు అడుగుడి: ఈ యంత్రము బిడ్డను బాగుచేయునా, బాధను పొడిగించునా? దానిని తీసినయెడల నొప్పి తెలియకుండ ఏ మందు ఇత్తురు? యంత్రము మానినను సేవ మానరాదు.

అయితే జాగ్రత్త! అంగవైకల్యము గల బిడ్డను, మందుతో బ్రదుకగల బిడ్డను, ఆడపిల్ల యనియో ఖర్చు యనియో విడుచుట అప్పగించుట కాదు, పారవేయుటయే.

2021లో చిత్తూరు జిల్లాలో ఒక తల్లి, జబ్బుతోనున్న తొమ్మిదేండ్ల కుమారునికి చికిత్సయైనను, లేనిచో మరణమైనను ఇప్పించుడని పుంగనూరు కోర్టుకు పోయెను. తిరుగు దారిలో ఆటోలోనే బాలుడు కన్నుమూసెను. అప్పుల భారము ఒక తల్లిచేత ఎట్టి మాట అడిగించునో చూడుడి. అట్టి తల్లి మన సంఘములో నుండినయెడల ఆమె మొదట మన గడప తొక్కగలదా?

ఎవరి పాపమువలన ఈ రోగము అని గుసగుసలాడవద్దు. యోహాను 9:3లో ప్రభువు ఆ మాటను త్రోసివేసెను. గంజి పట్టుకొని పొండి. బస్సు ఛార్జీలు ఇయ్యుడి. రాత్రి ఆసుపత్రి వరండాలో వారితోకూడ కూర్చుండుడి. వారు ప్రార్థించి, వైద్యులతో ఆలోచించి చేసిన తీర్మానమునకు తీర్పు తీర్చకుడి.

చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనిన ప్రభువు వారిని విడువడు. ఆమేన్.