రెండు చేతులూ హ్యాండిల్ మీదే

చాదర్‌ఘాట్,
హైదరాబాద్.

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. తెల్లారకముందే మలక్‌పేటలో బయల్దేరి, చాదర్‌ఘాట్ వంతెన దాటి, కోఠీ మీదుగా ఆబిడ్స్ దాకా సైకిల్ మీద పోయి వస్తున్నానని రాశావు. ఆ వేళకు మెట్రో పిల్లర్ల కింద మనిషి అలికిడి ఉండదనీ, ఫోన్లు గుంజుకుపోయే వాళ్ల సంగతి రోజూ చెవిన పడుతూనే ఉందనీ రాశావు. హ్యాండిల్‌కు తగిలించే సంచీలో ఒక కత్తి పెట్టుకుంటే తప్పా అని అడిగావు. వద్దు అనే చెబుతున్నాను. అయితే పెద్దవాణ్ని కదా అని ఒక్క మాటతో నీ నోరు మూయించడం నాకిష్టం లేదు. నీ భయం ఉత్తది కాదు. ఒళ్లు కాపాడుకోవాలనుకోవడం పిరికితనమూ కాదు, దౌర్జన్యమూ కాదు. అందుకే ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తున్నాను. నచ్చకపోతే ఎదురు రాయి.

భయానికి ఆధారం కోసం దూరం పోనక్కర్లేదు. 2025 అక్టోబర్‌లో మన విక్టోరియా ప్లే గ్రౌండ్‌లో జరిగింది ఊరంతటికీ తెలుసు. సెల్‌ఫోన్ లాక్కుని పరుగెడుతున్న దొంగను డీసీపీ, ఆయన గన్‌మన్ వెంబడించారు. దొంగ కత్తితో తిరగబడ్డాడు. పెనుగులాటలో గన్‌మన్‌కు దెబ్బలు తగిలాయి, కాల్పులు జరపక తప్పలేదు, దొంగ గాయాలతో ఆస్పత్రి పాలయ్యాడు. ఖాళీ చేతులతో తిరిగితే ఇక అంతే అనడానికి ఈ సంఘటననే చూపించేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపిస్తుంది. అక్కడ ఎదురు నిలిచింది శిక్షణ పొందిన పోలీసు. కాళ్లు నేల మీద ఉన్నాయి, తుపాకీ దగ్గరుంది, పక్కన తోడుంది. అయినా చేతికందే దూరంలో కత్తి ఆడేసరికి ఏదీ అనుకున్నట్టు సాగలేదు. తుపాకీ ఉన్న పోలీసును చూసే జంకనివాడు, నీ సంచీలో కనిపించకుండా పడున్న కత్తిని చూసి ఏం జంకుతాడు? దాచిన ఆయుధం ఎవరినీ భయపెట్టదు. బయటికి తీసిన ఆయుధం ఎదుటివాడు కూడా తనది తీసేలా చేస్తుంది. ఫోనుతో పోవాల్సింది అప్పుడు ప్రాణం దాకా వస్తుంది.

ఇక సైకిల్ సంగతి చూడు. నడిచే మనిషికి చేతులు రెండూ ఖాళీ. సైకిల్ మీదున్నవాడికి అవి అప్పటికే పనిలో ఉంటాయి: తోవ తిప్పేదీ, బరువు సరిచూసేదీ, బ్రేకు వేసేదీ ఆ చేతులే. ఒక చెయ్యి సంచీలోకి పోయిందంటే ముందు చక్రం అటో ఇటో ఊగుతుంది, రెండు బ్రేకుల్లో ఒక్కటే అందుతుంది, చూపు రోడ్డు వదిలి సంచీ జిప్పు మీదికి పోతుంది. బైకు మీద వెనక కూర్చుని ఫోను లాక్కునేవాడికి రెండు మూడు సెకన్లు చాలు. నువ్వు జిప్పు తీసేసరికి వాడు రంగ్‌మహల్ చౌరస్తాలో ఉంటాడు. పైగా సైకిల్ తొక్కేవాళ్లు కింద పడడం మామూలే. తడిసిన మ్యాన్‌హోల్ మూత మీద చక్రం జారుతుంది, ఇసుకలో టైరు పట్టు తప్పుతుంది, ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. అలా పడినప్పుడు మోచెయ్యి దోక్కుపోతే వారంలో మానుతుంది. నడుముకో జేబులోనో ఉన్న కత్తి తొడలో దిగితే అక్కడి పెద్ద రక్తనాళం నిమిషాల్లో మనిషిని తీసుకుపోతుంది. దొంగ ఒక్కనాడూ ఎదురు పడకపోయినా, ఆ అలుగు రోజూ నీ ఒంటికి అంగుళం దూరంలో తిరుగుతూ ఉంటుందన్న మాట.

ఇవన్నీ పక్కన పెట్టినా, నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. ఆయుధం కొనేటప్పుడు దొంగను మనసులో పెట్టుకుని కొంటాం. తీసేటప్పుడు ఎదురుగా దొంగే ఉంటాడన్న నమ్మకం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో నమోదైన హత్యలు 28,522. అందులో డబ్బు, సొత్తు లాంటి లాభం కోసం జరిగినవి 1,884. తగాదాల్లో జరిగినవి 9,962, అంటే అయిదు రెట్లకు పైనే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఆలోచించు. చాలామంది చావులకు మొదలు ఒక మాట, ఒక తోపులాట, ఒక పట్టుదల. సైకిల్ తొక్కేవాడికి అలాంటి సందర్భాలు రోజూ ఎదురవుతాయి. చాదర్‌ఘాట్ చౌరస్తాలో దిల్‌సుఖ్‌నగర్ బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య మూరెడు సందులో ఇరుక్కుపోతావు. వెనక నుంచి హారన్ చెవులు పగలగొడుతుంది. ఆటో అద్దం మోచేతిని గీరుకుంటూ పోతుంది, నడిపేవాడు ఆగకపోగా నీ తల్లిని ఎత్తి తిడతాడు. ఆ క్షణంలో రక్తం ఉడుకుతుంది, అది సహజం. చెయ్యి ఖాళీగా ఉంటే నువ్వూ ఒక మాట అంటావు, సిగ్నల్ పడుతుంది, ఎవరి దారి వాళ్లది. సంచీలో కత్తి ఉందన్న ఎరుక ఉంటే ఆ మాటతో ఆగుతావా? నీ మంచితనం మీద నాకు అనుమానం లేదు. ఇరవై ఏళ్ల వయసు కోపానికి అరనిమిషంలో అందేలా కత్తి పెట్టకూడదంటున్నాను.

చట్టం ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది కదా అని నువ్వు రాశావు. నిజమే ఇచ్చింది, దాన్ని నేను తక్కువ చేయను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దీని గురించే. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో సబబైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసే దాకా కూడా ఆ హక్కు వర్తిస్తుంది. దోపిడీ విషయంలోనూ అంతే. కానీ 37వ సెక్షన్ దానికి గట్టు కట్టింది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు, అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆశ్రయించాలి. ఫోను లాక్కుని పోయినవాణ్ని తర్వాత ఎక్కడో దొరకబుచ్చుకుని పొడిస్తే, నువ్వు బాధితుడివి కాదు, ముద్దాయివి. ఫోను గుంజుకోవడం 304వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే 118వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడవచ్చు. ఆయుధాల చట్టం నిబంధనల్లో తొమ్మిది అంగుళాలకు మించి పొడవు గానీ, రెండు అంగుళాలకు మించి వెడల్పు గానీ ఉన్న అలుగు ఆయుధం కిందికి వస్తుంది, ఇంటి వాడకం వాటిని మినహాయించి. మరి చిన్న చాకు అయితే ఏ గొడవా లేదు కదా అంటావేమో. చాకు చిన్నదైనా, తెల్లవారుజామున తనిఖీలో అది సంచీలో దొరికితే కూరగాయల కోసమని చెప్పలేవు, అబద్ధం ఆడవు కూడా. అందుకు సంతోషిస్తాను. కానీ నిజం చెప్పినా చిక్కే కదా! పైగా హక్కు అనేది ఎదురు నిలిచే మనిషికి చట్టం ఇచ్చింది, చేతిలోని వస్తువుకు కాదు. కత్తి లేనంత మాత్రాన ఆ హక్కులో వీసమెత్తు తగ్గదు.

అందరి నడుముకూ ఆయుధం ఉంటే అందరూ మర్యాదగా ఉంటారని ఒక వాదం ఉంది. వేరే ఊరివాళ్లు అంటే అనుకోవచ్చు, హైదరాబాదు వాళ్లం మనం అనకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరికి వచ్చిన పరదేశీయులు వీధుల్లో ఆయుధం లేని మగవాడు కనిపించడం అరుదని ఆశ్చర్యపోయారు. అరబ్బు సిపాయిల నడుముకు జంబియా బాకులు, రోహిల్లాల చేతుల్లో కత్తులు. మరి ఊరు నిశ్చింతగా ఉందా? అప్పు తీర్చలేనివాణ్ని అరబ్బు జమేదార్లు సొంత చెరలో పెట్టేవారు, బలమున్నవాడిదే తీర్పు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ చేసిన పనుల్లో ఈ సొంత దండుల జోరు తగ్గించడం, న్యాయస్థానాలు, పోలీసు ఏర్పాటు చేయడం ముఖ్యమైనవి. వీధిలోకి ఖాళీ చేతులతో రాగలగడం ఈ ఊరు కష్టపడి సంపాదించుకున్న సౌకర్యం. పోలీసులు సరిగా లేరని నీకు కోపం ఉంటే, ఆ కోపం న్యాయమైనదే. లైటు వెలగని స్తంభం గురించి, గస్తీ రాని దారి గురించి గట్టిగా అడుగు, పదిమందిని కూడగట్టి అడుగు. కత్తి కొనుక్కోవడమంటే అడగడం మానేయడమే.

ఆడపిల్లల సంగతేమిటని నీ చెల్లెలి మాటగా రాశావు. దీనికి తేలిగ్గా జవాబు చెప్పడం పాపం. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువతి మీద జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లల సంచీల్లో పెప్పర్ స్ప్రేలు చేరాయి. వాళ్లను తప్పు పట్టే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. నిలబడి ఉన్నప్పుడు, మనిషి మీద మీదికి వస్తున్నప్పుడు, పారిపోయే వ్యవధి కోసం అది ఉంచుకోవడాన్ని నేను ఒప్పుకుంటాను. అయితే సైకిల్ మీద దాని పని వేరు. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి మొహాన కొడుతూనే ఉంటుంది, ముందుకు కొట్టిన కారం నీళ్లు తన కళ్లలోకే తిరిగొస్తాయి. కళ్లు మూతపడి రోడ్డు మధ్యలో సైకిల్ మీద ఉండడం కంటే ప్రమాదం ఏముంది? 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు పెట్టిన రోజు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆత్మరక్షణకే కొట్టానని చెప్పారు. అది ఒక్కరి మీద ఆగలేదు. సభంతా దగ్గుతూ బయటికి పరుగెత్తింది, కొందరు ఎంపీలను ఆస్పత్రికి తరలించారు. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో పెప్పర్ స్ప్రేను ప్రమాదకరమైన ఆయుధంగానే చూసింది. అందుకని చెల్లెలికి చెప్పు: ఉంచుకుంటే ఉంచుకో, కాళ్లు నేల మీద ఆనాకే తియ్యి. అంతకంటే ముందు పోలీసుల టీ-సేఫ్ సేవలో ప్రయాణం నమోదు చేసుకో.

కుక్కల భయం మాత్రం దొంగల భయం కంటే నిక్కమైనది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధి కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఇక్కడికి ఎంత దూరమని! దీనికీ ఒకప్పుడు ఆయుధమే మందనుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాన్సులో సైకిల్ తొక్కేవాళ్ల కోసం 'వెలో-డాగ్' అనే చిన్న రివాల్వర్ తయారైంది. వెంటపడే కుక్కలను కాల్చడానికి జేబులో వేసుకునేవారు. అమెరికాలో ఐవర్ జాన్సన్ కంపెనీ సైకిళ్లూ చేసేది, రివాల్వర్లూ చేసేది. ఆ కాలంలో కుక్క కాటంటే పిచ్చి కుక్క జబ్బు, దానికి చావే. అయితే ఆ చావును ఆపింది 1885లో పాశ్చర్ వేసిన టీకా. ఇప్పుడు ఆ టీకా నారాయణగూడ ఐపీఎంలో ఉంది, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఉంది. కుక్క వెంటపడితే వేగం పెంచకు, దిగు, సైకిల్‌ను నీకూ దానికీ మధ్య అడ్డం పెట్టు, మెల్లగా నడువు. కరిస్తే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగు, ఆ రోజే టీకాకు పో, మిగిలిన మోతాదులు ఒక్కటీ ఎగ్గొట్టకు.

నిన్ను నిజంగా చంపగలిగేది ఏదో ఇంకా చెప్పలేదు. హత్యల లెక్క చెప్పిన ఆ 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నాలుగున్నర వేల మందికి పైగా సైకిల్ మీదున్నవాళ్లే. లాభం కోసం జరిగిన హత్యల కంటే ఇది రెట్టింపు పైమాటే, అదీ ఊళ్లలో సైకిళ్లు ఇంత తగ్గిపోయాక. గుద్దే బస్సు మీదో లారీ మీదో నీ కత్తి ఎందుకు పనికొస్తుంది? చీకట్లో వెనక నుంచి వచ్చేవాడికి నువ్వు కనిపించాలి, అంతే. కత్తికి పెట్టే డబ్బుతో వెనకకు ఎర్ర లైటు, ముందుకు తెల్ల లైటు కొను. మడ్‌గార్డు మీది రిఫ్లెక్టర్ మట్టి కొట్టుకుపోయి ఉంటే గుడ్డతో తుడువు. బెల్లు తుప్పు పట్టి ఉంటే నూనె వెయ్యి. ఫోను హ్యాండిల్ మీద స్టాండులో మెరిపించకు, లోపలి జేబులో పెట్టు. స్టార్ హాష్ జీరో సిక్స్ హాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఉంచు. ఫోను పోతే ఫిర్యాదు చేసి సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించు, అలా తిరిగి దొరికిన ఫోన్లు మన రాష్ట్రంలో చాలా ఉన్నాయి. మూసీ నదికి నీళ్లు వదిలిన రోజుల్లో చాదర్‌ఘాట్ చిన్న వంతెన వైపు అసలే పోకు. ఎవడైనా అడ్డం నిలిచి ఫోను అడిగితే ఇచ్చెయ్యి. ఇచ్చినందుకు నిన్ను ఎవరైనా పిరికివాడంటే, వాళ్లను నా దగ్గరికి పంపు.

ఆ వేళకే ఇంకా ఇద్దరు పిల్లలు మలక్‌పేట నుంచి సైకిళ్ల మీద పోతారని రాశావు. ముగ్గురూ కలిసి బయల్దేరండి, పది నిమిషాలు ఆలస్యమైనా సరే. ఎక్కడ కలుసుకోవాలనుకున్నారో, వెనక లైటు ఎంత దూరం కనిపిస్తోందో వచ్చే ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో,
తాత